బార్సిలోనాలో ఎడమ ముందు టైరు ఒక్కటే ఎందుకు కాగిపోతోంది? ప్రెజర్ తగ్గించినా ఫలితం లేదు

పన్నెండో ల్యాపు (ప్రశ్న):

నమస్కారం. అసెటో కోర్సా కాంపిటిజియోనే అనే కంప్యూటర్ రేసింగ్ ఆటలో జీటీ3 కార్లు (రోడ్డు కార్ల నమూనా మీద కట్టిన రేసు కార్లు) నడపడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. ఒక్క ల్యాపు వేగంగా తిప్పడం వరకు నాకు పెద్ద ఇబ్బంది లేదు కానీ, 45 నిమిషాల రేసులో సగానికి వచ్చేసరికి కారు నా మాట వినడం మానేస్తుంది. బార్సిలోనా సర్క్యూట్‌లో బీఎండబ్ల్యూ ఎం4 జీటీ3తో వారం రోజులుగా దీన్నే పరీక్షిస్తున్నాను. వాతావరణం మారకుండా గాలిని 26 డిగ్రీల దగ్గర, రోడ్డును 34 డిగ్రీల దగ్గర ఉంచుకున్నాను; ఇంధనం కూడా ప్రతిసారీ ఒకే కొలత పోసుకున్నాను.

మూడో ల్యాపు చివర ఎడమ ముందు టైరు 86 డిగ్రీల వేడితో 26.6 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) చూపిస్తోంది. కుడి ముందుది 80 డిగ్రీలతో 26.0, వెనక ఎడమది 82 డిగ్రీలతో 26.5, వెనక కుడిది 80 డిగ్రీలతో 26.1 చూపిస్తున్నాయి. పొడి టైర్లకు 26 నుంచి 27 మధ్య ఉంటే మంచిదంటారు కాబట్టి అన్నీ గీత లోపలే ఉన్నట్టు లెక్క. సమయం కూడా 1:45.2 వస్తోంది. పన్నెండో ల్యాపుకు వచ్చేసరికి మిగతా మూడూ కొద్దికొద్దిగా పెరిగి ఊరుకుంటున్నాయి, ఎడమ ముందుది మాత్రం 98 డిగ్రీలకూ 28.0 పీఎస్ఐకీ ఎగబాకుతోంది. అప్పటికి మూడో మలుపులో కారు ముక్కు లోపలి అంచుకు రానే రాదు, స్టీరింగ్ ఎంత తిప్పినా వెలుపలికే జారిపోతుంది, ల్యాపు 1:47 దాటుతుంది.

ప్రెజర్ ఎక్కువైందనుకుని ఆ ఒక్క టైరులో చల్లటి ప్రెజర్‌ను, అంటే టైరు వేడెక్కకముందు నింపే ప్రెజర్‌ను, 1 పీఎస్ఐ తగ్గించి మళ్ళీ పన్నెండు ల్యాపులు తిప్పాను. ఈసారి మూడో ల్యాపులో 25.4 ఉంది, కారు మలుపులోకి బద్ధకంగా దిగింది. పన్నెండో ల్యాపులో ప్రెజర్ 27.0 దగ్గరే ఆగింది కానీ వేడి 100కు చేరింది, ముక్కు జారడం ఏమాత్రం తగ్గలేదు. ప్రెజర్ అంకె ఉండాల్సిన చోటికి వచ్చాక కూడా పట్టు ఎందుకు తిరిగి రాలేదో నాకు అంతుపట్టడం లేదు. ఇంకా తగ్గించాలా, లేక నేను అసలు తప్పు చోట వెతుకుతున్నానా?

గ్రాఫుల పిచ్చి:

మీరు అంకెలన్నీ ఇచ్చారు కాబట్టి ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే సగం జవాబు అందులోనే ఉంది. మూసిన పాత్రలోని గాలి వేడెక్కినప్పుడు దాని పీడనం కెల్విన్‌లలో కొలిచిన ఉష్ణోగ్రతకు అనుపాతంలో పెరుగుతుంది. టైరు గేజీ చూపించే అంకె వాతావరణ పీడనానికి పైన ఉన్న భాగం మాత్రమే, కనుక దానికి 14.7 కలిపి లెక్క వేయాలి. మీ మూడో ల్యాపు 26.6కు 14.7 కలిపితే 41.3 అవుతుంది, అప్పటి వేడి 86 డిగ్రీలు అంటే 359 కెల్విన్. అదే గాలిని 98 డిగ్రీలకు, అంటే 371 కెల్విన్‌కు తీసుకెళ్తే 42.7 వస్తుంది, అందులోంచి 14.7 తీసేస్తే 28.0 మిగులుతుంది. పన్నెండో ల్యాపులో మీరు చూసిన అంకె దశాంశంతో సహా ఇదే.

ప్రెజర్ తనంతట తాను పెరగలేదనీ, 12 డిగ్రీల వేడి దానికి 1.4 పీఎస్ఐ అంటగట్టిందనీ దీన్నిబట్టి తెలుస్తోంది. మీరు నడుపుతున్న ఈ పరిధిలో ఒక్కో డిగ్రీకి సుమారు 0.12 పీఎస్ఐ పడుతుంది, ఆ ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలా అయోమయం తీరుతుంది. మీ రెండో పరీక్ష కూడా ఈ లెక్కకు సరిపోతుంది. చల్లటి ప్రెజర్‌లో 1 తగ్గిస్తే వేడి మీద 1.2 దాకా తగ్గుతుంది, వేడి 2 డిగ్రీలు పెరిగినందుకు 0.2 తిరిగి కలిసింది, అందుకే 28.0 కాస్తా 27.0 అయింది. టైరులో గాలి తగ్గింది, వేడి మాత్రం పెరిగింది.

ఇంకో మాట. పాత వెర్షన్లలో పొడి టైర్లకు 27.3 నుంచి 27.8 వరకు మంచిదని చెప్పేవారు. 2023లో వచ్చిన 1.9 వెర్షన్‌తో టైర్లు మారాయి, ఆ పరిధి మీరు చెప్పిన 26, 27 మధ్యకు దిగింది. ఇప్పటికీ చేతులు మారుతున్న సెటప్ (కారు అమరికల) ఫైళ్ళలో సగం పాత లెక్క మీద కట్టినవే కాబట్టి ఎవరి సెటప్ అయినా తెచ్చుకుంటే ముందు ఆ సంగతి చూసుకోండి. సెటప్ పేజీ 20.3 కంటే కిందికి దిగనివ్వదు కూడా, అందుకే వేడి రోజుల్లో పాత అలవాటుతో తగ్గించుకుంటూ పోయేవారు ఆ అడుగున ఇరుక్కుపోతారు.

అంకెను ఎక్కడ చదువుతున్నారన్నది కూడా ముఖ్యమే. ముగింపు గీత దగ్గర చదివితే ఆఖరి కుడి మలుపులో ఎడమ టైర్లు అప్పుడే మోసిన భారం కనిపిస్తుంది, ఆ పొడవాటి స్ట్రెయిట్ చివర చదివితే చల్లబడిన అంకె కనిపిస్తుంది. సెటప్‌లోని ఎలక్ట్రానిక్స్ పేజీలో టెలిమెట్రీ (కారు కొలతల రికార్డు) ల్యాపుల సంఖ్య పెంచుకుని, ఆ రికార్డును గ్రాఫులుగా చూపే మోటెక్ అనే ప్రోగ్రాములో తెరిస్తే ల్యాపు మొత్తానికి సగటు దొరుకుతుంది. నేను ఆ సగటును తప్ప మరో అంకెను నమ్మను. నా పేరు చూశారు కదా, అతిశయోక్తి అనిపిస్తే క్షమించండి.

నిదానపు చక్రం:

పైవారి లెక్కతో నాకు పేచీ లేదు, అయితే అసలు ప్రశ్న ఆ 12 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది. రోగమొకటి మందొకటి అయింది ఇక్కడ. టైరు కాగుతోంది కనుక ప్రెజర్ పెరిగింది. మీరు కాగడాన్ని వదిలేసి ప్రెజర్‌కు మందు వేశారు. పైగా గాలి తగ్గిన టైరు పక్కగోడలు ఎక్కువగా వంగుతాయి, వంగిన ప్రతిసారీ రబ్బరులో వేడి పుడుతుంది, కాబట్టి మీ మందు వేడిని కాస్త పెంచింది కూడా.

టైరు పట్టు ఎలా పుడుతుందో ఒక్క క్షణం చూడండి. చక్రం చూస్తున్న దిక్కుకూ, అది నిజంగా పోతున్న దిక్కుకూ మధ్య మలుపులో ఎప్పుడూ కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది, దాన్నే స్లిప్ యాంగిల్ అంటారు. ఆ తేడా పెరిగేకొద్దీ ఒక హద్దు దాకా పట్టు పెరుగుతుంది, హద్దు దాటాక పెరగడం ఆగి తగ్గడం మొదలవుతుంది. హద్దు దాటాక కూడా మీరు స్టీరింగ్ ఇంకా తిప్పితే కారు ఇంకొంచెం కూడా తిరగదు, రబ్బరు మాత్రం రోడ్డు మీద అడ్డంగా రాసుకుంటూ పోతుంది. అలా రాసుకున్న శ్రమంతా వేడిగా మారి ముందు పైపొరను, తర్వాత నెమ్మదిగా లోపలి పొరను చేరుతుంది.

పైపొర వేడి ఒక మలుపులో ఎగిరి తర్వాతి స్ట్రెయిట్‌లో దిగిపోతుంది. లోపలి పొర అలా కాదు, అది ల్యాపుల తరబడి పోగవుతుంది, మీరు తెర మీద చూస్తున్న అంకె ఆ లోపలి పొరదే. అందుకే మూడో ల్యాపులో అంతా బాగున్నట్టు కనిపించి, పన్నెండో ల్యాపులో బాకీ వడ్డీతో సహా మీద పడుతోంది.

బార్సిలోనా ఈ విషయంలో ముఖ్యంగా నిర్దాక్షిణ్యమైన ట్రాక్. ఇది సవ్యదిశలో తిరుగుతుంది, మూడో మలుపు ఎడతెగని కుడి మలుపు, అది అయిన కాసేపటికి నాలుగోది కూడా కుడివైపే, తొమ్మిదోది వేగంగా తీసుకునే కుడి మలుపు. ఇవన్నీ కారు బరువును తెచ్చి ఎడమ ముందు టైరు నెత్తిన పెడతాయి. మీ ఎం4కు ఇంజను ముందే ఉంది. కాబట్టి ఆ టైరు మిగతావాటి కంటే కొంత వేడిగా ఉండటం సహజమే. కానీ కుడిదానికీ దానికీ మధ్య మూడో ల్యాపులో 6 డిగ్రీలున్న తేడా పన్నెండో ల్యాపులో 15 దాకా వచ్చిందంటే అందులో ట్రాక్ వాటా కొంత, చేతుల వాటా కొంత. ఒక పని చేయండి. రీప్లేలో కాక్‌పిట్ కెమెరా పెట్టి, మూడో మలుపులో మూడో ల్యాపునూ పన్నెండో ల్యాపునూ వరసగా చూడండి. స్టీరింగ్ ఎంత తిరిగి ఉందో, అది తిరిగి ఉన్నప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద ఎంత ఉందో రెంటినీ గమనించి ఇక్కడ రాయండి.

పన్నెండో ల్యాపు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. లెక్క అచ్చంగా సరిపోవడం చూసి నిజంగా ఆశ్చర్యపోయాను.

రీప్లే చూశాను, చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మూడో ల్యాపులో మలుపు నడిమధ్య స్టీరింగ్ రమారమి 90 డిగ్రీలు తిరిగి ఉంది, పన్నెండో ల్యాపులో అదే చోట 130 దాకా తిరిగి ఉంది, కారు గీసిన దారి మాత్రం ఇంకా వెలుపలే ఉంది. అంటే ఆ అదనపు 40 డిగ్రీలు నాకు ఏమీ తెచ్చిపెట్టలేదు. ఇంకా ఘోరం ఏమిటంటే ముక్కు జారుతున్నప్పుడు నేను యాక్సిలరేటర్‌ను వదలడం లేదు, సగం దాకా నొక్కి పట్టుకుని స్టీరింగ్‌తో కుస్తీ పడుతున్నాను. రోడ్డు ఒత్తిడిని చేతికి తెలిపే స్టీరింగ్ మోటారులో బరువు తగ్గినట్టు చేతికి తెలుస్తూనే ఉంది. దాన్ని నేను టైరు అరిగిపోయిన గుర్తు అనుకున్నాను గానీ, నేనే హద్దు దాటించానన్న ఆలోచన రాలేదు.

అయితే నాకు ఒక అనుమానం మిగిలింది. ఇది చేతుల తప్పే అయితే మూడో ల్యాపులో కూడా జరగాలి కదా. అప్పుడు కారు చక్కగానే తిరుగుతోంది.

నిదానపు చక్రం:

మూడో ల్యాపులో కూడా జరుగుతోంది, కాకపోతే కొంచెం జరుగుతోంది. అప్పుడు కాస్త హద్దు దాటుతున్నారు, దాని వల్ల నాలుగో ల్యాపుకు టైరు కాస్త వేడెక్కి పట్టు ఒక వెంట్రుకవాసి తగ్గుతుంది. మీరు పాత వేగంతోనే మలుపులోకి వస్తారు కాబట్టి ఈసారి ఇంకొంచెం ఎక్కువ తిప్పాల్సి వస్తుంది, అది ఇంకొంచెం వేడి పుట్టిస్తుంది. ఇది ఒక చక్రం, ఎక్కడో ఒకచోట తెంపకపోతే తిరుగుతూనే ఉంటుంది. తెంపడానికి అన్నిటికంటే సులువైన చోటు మలుపు మొదలు. బ్రేకును 3, 4 మీటర్లు ముందు తొక్కి, కొంచెం తక్కువ వేగంతో దిగి, స్టీరింగ్ బరువు తగ్గినట్టు చేతికి తెలియగానే ఇంకా తిప్పకుండా ఒక్క క్షణం కాలు తేలిక చేయండి. మొదట్లో ల్యాపుకు పదో వంతు సెకను పోయినట్టు అనిపిస్తుంది, పన్నెండో ల్యాపులో అది ఎన్ని రెట్లు తిరిగి వస్తుందో మీ గడియారమే చెబుతుంది.

పొడిదారి:

నిదానపు చక్రం గారి మాటలో నిజం ఉంది కానీ, నేరమంతా చేతుల మీదికే నెట్టడం నాకు నచ్చలేదు. సెటప్ బాగుంటే అదే చేతులతో అదే టైరు 3, 4 డిగ్రీలు చల్లగా నడుస్తుంది. ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) గట్టిగా ఉంటే మలుపులో బరువంతా వెలుపలి ముందు టైరు మీదికి వాలిపోతుంది, లోపలిది ఊరికే తిరుగుతూ ఉంటుంది. దాన్ని రెండు మెట్లు మెత్తన చేస్తే ఆ పని రెండు ముందు టైర్లకూ కొంత సమంగా పంచబడి ముక్కు జారడం తగ్గుతుంది. ముందు చక్రాలకు టో అవుట్ (చక్రాల ముందు అంచులు బయటికి చూసేలా పెట్టడం) ఎక్కువ పెట్టుకునే అలవాటు ఉంటే అదీ చూసుకోండి, ఎందుకంటే అలా పెట్టిన చక్రాలు నేరుగా పోయే స్ట్రెయిట్‌లో కూడా కొంత అడ్డంగా రాసుకుంటూనే ఉంటాయి.

బ్రేక్ డక్ట్ (బ్రేకులకు చల్లగాలి అందించే గొట్టం) సంగతి చాలామంది మరిచిపోతారు. డిస్కులో పుట్టిన వేడి రిమ్‌ను చేరి, రిమ్ నుంచి టైరులోని గాలిని చేరుతుంది. ఆటలో డక్ట్‌కు 0 నుంచి 6 దాకా మెట్లున్నాయి, ఒక మెట్టు ఎక్కువ తెరిస్తే డిస్కు చల్లబడటంతో పాటు ప్రెజర్ కూడా కొంత దిగుతుంది. ముందు డక్ట్ మార్పు ముందు రెండు చక్రాలకూ వర్తిస్తుంది కనుక, ఇప్పటికే చల్లగా ఉన్న మీ కుడి టైరులో ప్రెజర్ మరీ పడిపోకుండా దానికి చల్లటి ప్రెజర్‌ను 0.2 పెంచాల్సి రావచ్చు.

సెటప్ పేజీలో బయటి అంచు, మధ్య, లోపలి అంచు ఉష్ణోగ్రతలు విడివిడిగా చూపిస్తుంది, వాటిని కూడా చదవండి. కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) వల్ల లోపలి అంచు కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. మధ్య భాగం రెండు అంచుల సగటు కంటే వేడిగా ఉంటే ప్రెజర్ ఎక్కువైనట్టు, చల్లగా ఉంటే తక్కువైనట్టు. నాకు మీ మీద ఒక పందెం ఉంది. ఎడమ ముందు టైరులో మీకు బయటి అంచు లోపలి అంచుతో సమానంగా గానీ ఇంకా ఎక్కువగా గానీ కాగి ఉంటుంది. ముక్కు జారే కారు టైరు బయటి భుజం మీద ఊడ్చుకుంటూ పోయినప్పుడు వచ్చే గుర్తు అది.

నాలుగు చక్రాలకూ ఒకే చల్లటి ప్రెజర్ పెట్టాలన్న నియమమేమీ లేదు. నాలుగూ వేడెక్కాక ఒకే పరిధికి రావాలి, అందుకోసం చల్లగా ఉన్నప్పుడు నాలుగూ నాలుగు రకాలుగా ఉండటమే సరైన పద్ధతి.

గ్రాఫుల పిచ్చి:

పొడిదారి గారి సలహాలన్నీ మంచివే, కానీ అన్నీ ఒకేసారి చేయకండి. డక్ట్, యాంటీ రోల్ బార్, టో, చేతులు నాలుగూ ఒక్కసారి మార్చి ఫలితం వచ్చాక అందులో ఏది పని చేసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ముందు సెటప్ తాకకుండా నడిపే తీరు ఒక్కటి మార్చి పన్నెండు ల్యాపులు, తర్వాత ఒక్కొక్క మార్పుకు పన్నెండేసి ల్యాపులు తిప్పండి. విసుగే, ఒప్పుకుంటాను. ప్రెజర్‌ను మాత్రం ఎప్పుడూ చివర్లో సరిచేయండి, ఎందుకంటే ముందు చెప్పిన ప్రతి మార్పూ వేడిని మారుస్తుంది, వేడి మారితే ప్రెజర్ ఎలాగూ మారుతుంది.

గ్యారేజీ చాటున:

నేను ఎక్కువగా ఐరేసింగ్ అనే మరో రేసింగ్ ఆట ఆడతాను. అక్కడ ఈ చర్చ ఇంకా చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే కారు కదులుతున్నంతసేపూ టైరు వేడి మనకు కనిపించదు. కారును ఆపి గ్యారేజీలో చూస్తేనే మూడు భాగాల ఉష్ణోగ్రతలూ, చివరి వేడి ప్రెజరూ, మిగిలిన రబ్బరు శాతమూ తెలుస్తాయి. పిట్‌లోకి నింపాదిగా వస్తే ఆ దారిలోనే టైరు చల్లబడి అంకె అబద్ధం చెబుతుంది. అందుకే పరీక్ష ల్యాపుల్లో నేను చివరి మలుపు దాకా పూర్తి వేగంతో వచ్చి ఆపుతాను. తెర మీద అంకె ఎప్పుడూ కనిపిస్తూ ఉండటం మీకు వరమే గానీ, దాన్ని చూస్తూ నడపడం మొదలుపెడితే శాపం కూడా. చేతికి తెలిసిన జారుడును కన్ను కాదంటుంది. మీరు రాసినదాంట్లో నాకు కనిపించింది అదే.

గ్రాన్ టురిస్మో 7 ఆట నుంచి వచ్చినవారికి ఈ ప్రెజర్ గొడవంతా కొత్తగా ఉంటుంది, అందులో ప్రెజర్ మార్చే వీలే లేదు. కానీ టైరు కాగడం, జారడం వంటివి అక్కడా ఉన్నాయి, కాబట్టి నిదానపు చక్రం గారు చెప్పినది అక్కడ కూడా పనికొస్తుంది.

టైరు వార్మర్ల (బయలుదేరే ముందే టైర్లను వేడిచేసే దుప్పట్ల) మాట ఎవరూ ఎత్తలేదు. మీ ఆటలో టైర్లు 70 డిగ్రీల దగ్గర వెచ్చగా బయటికొస్తాయి కనుక మొదటి ల్యాపులో మీకు పెద్ద నొప్పి తెలియదు. నిజమైన రేసుల్లో వరల్డ్ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ 2023లో వార్మర్లను నిషేధించి, ఆ ఏడాది లే మాన్ 24 గంటల రేసుకు మాత్రం తిరిగి అనుమతించింది. ఇండీకార్‌లో అసలు వాడరు. చల్లటి టైరుతో బయలుదేరే ఆటల్లో మొదటి రెండు ల్యాపుల ప్రెజర్ చూసి భయపడి ఎక్కువ నింపితే, ఆ తర్వాత స్టింట్ (పిట్‌లో మళ్ళీ ఆగేదాకా నడిపే వరస) పొడవునా మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

పన్నెండో ల్యాపు:

నాలుగు సాయంత్రాలు పట్టింది, కానీ గ్రాఫుల పిచ్చి గారు చెప్పిన వరసలోనే చేశాను. ముందుగా పొడిదారి గారి పందెం గురించి చెప్పాలి: ఎడమ ముందు టైరు బయటి అంచు లోపలి అంచు కంటే 2 డిగ్రీలు ఎక్కువే ఉంది. పందెం మీదే.

మొదటి పరీక్షలో ప్రెజర్‌ను నా పాత అంకెకు తిరిగి తెచ్చి, అందులోంచి 0.3 మాత్రం తగ్గించి, సెటప్‌లో ఇంకేమీ ముట్టుకోకుండా బ్రేకును ముందు తొక్కుతూ నడిపాను. మొదటి అయిదు ల్యాపులు చాలా కష్టమయ్యాయి, చేయి తనంతట తానే ఇంకొంచెం తిప్పబోతుంటే ఆపుకోవాల్సి వచ్చింది. మూడో ల్యాపు 1:45.5, పన్నెండో ల్యాపు 1:46.2. ఎడమ ముందు టైరు 94 డిగ్రీల దగ్గర, 27.2 పీఎస్ఐ దగ్గర నిలిచింది. అంటే 98 నుంచి 4 డిగ్రీలు చేతులతోనే దిగాయి.

రెండో పరీక్షలో ముందు యాంటీ రోల్ బార్‌ను రెండు మెట్లు మెత్తన చేశాను, వేడి 93కు వచ్చింది. అంకెలో పెద్ద తేడా లేదు కానీ మూడో మలుపులో కారు చేతికి ఎంతో సౌమ్యంగా అనిపించింది, నేను సహజంగానే తక్కువ తిప్పుతున్నాను. మూడో పరీక్షలో ముందు డక్ట్‌ను 2 నుంచి 3కు తెరిచాను. ఎడమది 92కు, 26.9కు దిగింది. కుడిది మాత్రం పొడిదారి గారు హెచ్చరించినట్టే 26 కంటే కిందికి జారింది, దానికి 0.2 పెంచాక సర్దుకుంది. ఇప్పుడు మూడో ల్యాపు 1:45.4, పన్నెండో ల్యాపు 1:46.0 వస్తున్నాయి. పోయిన వారం ఇదే చోట 1:47 దాటేది.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఇదంతా నేను వాతావరణం కదలకుండా చేసిన పరీక్ష. మా లీగ్ రేసులో మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి గాలి 6 డిగ్రీలు పడిపోతుంది. అప్పుడు ఈ అంకెలన్నీ మళ్ళీ మొదటికి వస్తాయా?

గ్రాఫుల పిచ్చి:

మొదటికేమీ రావు. గాలి చల్లబడితే టైరు నిలకడగా ఉండే వేడి కూడా ఇంచుమించు అంతే దిగుతుంది, ఒక డిగ్రీకి 0.1 పీఎస్ఐ అని ఆటగాళ్ళు వాడే ఉరామరి లెక్క అక్కడి నుంచి వచ్చినదే. గాలి 6 డిగ్రీలు పడితే మీ 26.9 కాస్తా 26.3 దగ్గరికి వస్తుంది, అది పరిధిలోనే ఉంటుంది. కుడి ముందుదే పరిధి అడుగున ఉంది కనుక దాన్ని చూసుకోవాలి. పిట్‌లో టైర్లు మార్చే రేసు అయితే ఆగడానికి ముందే పిట్ మెనూలో కుడి ముందు టైరుకు 0.5 దాకా పెంచి ఉంచండి, ఎడమదానికి 0.3 చాలు. ఆ మెనూలో కనిపించేవి చల్లటి ప్రెజర్‌లని మరిచిపోయి, తెర మీది వేడి ప్రెజర్‌ను చూసి అదే అంకె అక్కడ నింపిన ఘనత నాకు ఒకసారి ఉంది. బయటికి వచ్చిన ల్యాపులో నాలుగు టైర్లూ 33 దాటాయి, కారు మంచుగడ్డ మీద నడిచింది.

నిదానపు చక్రం:

మూడో పరీక్ష మోటెక్ ఫైలు దాచి ఉంచారా? ఉంటే మూడో మలుపులో స్టీరింగ్ కోణం గ్రాఫు ఒక్కటి పెట్టండి. 92 డిగ్రీలు ఇంకా 89 అవుతాయని నాకు అనుమానం, ఆ కాలు ఇంకా కాస్త బరువుగానే ఉన్నట్టుంది.